బాలే కొండల్లో కనిపించిన ఈ ఎర్ర జంతువు ఏంటి: నక్కా, తోడేలా, రేచుకుక్కా?

గోబా_రోడ్డు:

అందరికీ నమస్తే. నేను ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో పని చేస్తున్నా. ఇక్కడ మన తెలుగు లెక్చరర్లు బాగానే ఉన్నారు, అటు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్తారేమోనని అడుగుతున్నా. సెలవుల్లో ముగ్గురం కలిసి బండి మాట్లాడుకుని బాలే కొండలకు వెళ్లాం. గోబా ఊరు దాటాక రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ పోయి సానెట్టి పీఠభూమి మీదికి చేరుతుంది, ఎత్తు 4000 మీటర్లకు అటూ ఇటూ, చెట్టన్నది కనపడదు, బూడిద రంగు తుప్పలు, రాళ్లు, నీటి మడుగులు, అక్కడక్కడ మనిషిని మించి ఎదిగిన జెయింట్ లొబీలియాలు. ఎండ కాస్తున్నా చలి, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

అక్కడ పట్టపగలు రోడ్డు పక్కనే ఈ జంతువు కనిపించింది. ఊరకుక్క కంటే కాళ్లు పొడవు, ఒళ్లంతా ఇటుక ఎరుపు, గొంతు కింద, ఛాతీ మీద తెల్లటి పట్టీలు, పొట్ట తెలుపు, మూతి బాగా సన్నగా పొడుగ్గా ఉంది. తోక మొదట్లో తెలుపు, ఆ తర్వాత నల్లగా కుచ్చులా. ఒక్కటే తిరుగుతోంది. నేలకు ముక్కు ఆనించి వాసన చూసుకుంటూ వచ్చి ఒక బొరియ దగ్గర బిగుసుకుపోయి నిలబడింది, చాలాసేపు కదల్లేదు, మేం ఇక వెళ్దాం అనుకునే టైముకి ఒక్క దూకు దూకి తల మొత్తం మట్టిలో పెట్టేసింది. బయటికి లాగింది ఎలుక జాతిదే గానీ పందికొక్కు అంత ఉంది.

డ్రైవర్ "కై కెబెరో" అన్నాడు, అంటే ఎర్ర నక్కట. ఒక ఫ్రెండ్ రెడ్ ఫాక్స్ అంటున్నాడు. ఇంకో కొలీగ్‌ది చిత్తూరు వైపు, ఆయన రేచుకుక్కే అని పందెం కాస్తున్నాడు.

ఇంకో సంగతి. కిందికి దిగాక డిన్షో దగ్గర బార్లీ చేల గట్టు మీద, సాయంత్రం వెలుతురు తగ్గేటప్పుడు వేరే జంతువు కనిపించింది. ఇది బూడిద, పసుపు కలిసిన రంగు, వీపు మీద నల్ల వెంట్రుకలు, మెడ దగ్గర బొచ్చు ఒత్తుగా ఉంది. మన ఊరి నక్కలాగే ఉంది, కాకపోతే కొంచెం భారీ. రెండూ ఒకటే జాతా, ఆడామగా తేడానా? ఫోటోలు ఫోన్‌తో తీసినవి, జూమ్ చేస్తే నలుసుల్లా ఉన్నాయి, అయినా పెడుతున్నా. మొదటి మూడు సానెట్టివి, నాలుగోది డిన్షోది.

నల్లమల_గాలి:

రేచుకుక్క కాదు అన్నా. మీ కొలీగ్ రంగు చూసి పడిపోయినట్టున్నారు, ఆయన్ని తప్పు పట్టలేం, ఆ ఎరుపు నిజంగానే దగ్గరగా ఉంటుంది. కానీ రేచుకుక్కలు ఆసియాలోనే ఉంటాయి, ఆఫ్రికాలో లేవు. పైగా రేచుకుక్క మూతి పొట్టిగా దిట్టంగా ఉంటుంది, తోక గుబురుగా నల్లగా ఉంటుంది, మీ మొదటి ఫోటోలో కనిపిస్తున్నట్టు తోక మొదట్లో అంత తెలుపు ఉండదు.

ఇవన్నీ పక్కనపెట్టినా అది తిండి సంపాదించుకున్న తీరు చూడండి. రేచుకుక్క మూతీ పళ్లూ ఉన్నది గుంపుగా తరిమి దుప్పినో కణుజునో పడేయడానికి. మీరు చూసింది ఒంటరిగా బొరియ ముందు కాపు కాసింది, ఆ సన్నటి పొడుగు మూతి బొరియలో దూర్చడానికి సరిపోయేలా ఉంది. ఎలుకల మీద బతికే జంతువు అని అక్కడే తెలిసిపోతోంది. జాతి పేరు నేను చెప్పను, ఇథియోపియా తిరిగినవాళ్లు చెప్పాలి. ఆఫ్రికాలో వైల్డ్ డాగ్ అని ఇంకోటి ఉంది, అదీ కాదు, దానికి ఒంటి మీద నలుపు తెలుపు పసుపు మచ్చలు, గుండ్రటి పెద్ద చెవులు ఉంటాయి.

ఎర్రమట్టి_బైనాక్యులర్:

ఫోటోలు చూడకముందే మీ వివరణ చదివి చెప్పేయొచ్చండి, ఇథియోపియన్ తోడేలు. కానిస్ సిమెన్సిస్. మీరు అదృష్టవంతులు, ఎందుకంటే పెద్దవి మొత్తం ప్రపంచంలో 500 కంటే తక్కువే మిగిలాయి, అన్నీ ఇథియోపియాలోనే, వాటిలో సగానికి పైగా మీరు వెళ్లిన బాలే కొండల్లోనే. మిగతావి ఉత్తరాన సిమియన్ కొండలు, మెంజ్‌లోని గుస్సా, వొల్లో ప్రాంతం, బాలేకి పక్కనే ఉన్న అర్సి కొండలు, ఇలా ముక్కలుముక్కలుగా. ఒక కొండ మీదివి ఇంకో కొండకు వెళ్లలేవు, మధ్యలో కింద అంతా పొలాలూ ఊళ్లూ. జూల్లో కూడా ఎక్కడా లేవు.

రెడ్ ఫాక్స్ అన్న ఫ్రెండ్‌కి చెప్పండి, రెడ్ ఫాక్స్ ఆఫ్రికాలో ఉత్తర భాగానికే పరిమితం, మొరాకో, ఈజిప్టు, నైలు వెంబడి సూడాన్ వరకు. తోక చివర తెల్లగా ఉంటుంది, ఇక్కడ చివర నలుపు. సైజు కూడా కుదరదు, ఈ తోడేలు మగది 14 నుంచి 19 కిలోలు, ఆడది 11 నుంచి 14 దాకా ఉంటుంది. ఆయన పాత పుస్తకమేదైనా తిరగేసి ఉంటే అందులో సిమియన్ ఫాక్స్ అనో సిమియన్ జాకల్ అనో ఉండే అవకాశముంది, అదీ ఇదే జంతువు. రూప్పెల్ అనే జర్మన్ ఆయన దీనికి శాస్త్రీయనామం పెట్టింది సిమియన్ కొండల పేరు మీదే. తర్వాత డీఎన్ఏ చూస్తే నక్కల కంటే బూడిద తోడేళ్లకి దగ్గర అని తేలింది, దాంతో తోడేలు అనే పేరు స్థిరపడింది.

మీరు చూసిన ఆ పందికొక్కు సైజు ఎలుక సంగతి చెప్పాలి. దాన్ని జెయింట్ మోల్ ర్యాట్ అంటారు, అది బాలే చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా ఉండదు, పెద్దవి కిలో దాకా తూగుతాయి. బొరియలోంచి పూర్తిగా బయటికి రాదు. సగం ఒళ్లు లోపలే ఉంచి చుట్టూ అందినంత గడ్డి కొరుక్కుని లోపలికి లాక్కుపోతుంది, కళ్లు తల పైభాగంలో ఉంటాయి కాబట్టి తోడేలు నీడ పడినా మాయం. అందుకే తోడేలు అంతసేపు బిగుసుకుపోయి నిలబడింది. బాలేలో ఈ ఎలుకలన్నీ పగటిపూట తిరిగేవి, రాత్రిళ్లు అక్కడ గడ్డకట్టే చలి, దాంతో తోడేలుకి కూడా పగటి డ్యూటీ. మీకు పట్టపగలు రోడ్డు పక్కన కనిపించడంలో వింతేమీ లేదు.

ఒంటరిగా ఉంది కదా అని గుంపు లేదనుకోకండి. ఇవి కుటుంబాలుగానే ఉంటాయి. తెల్లవారగానే, మళ్లీ సాయంత్రం అందరూ కలిసి తమ హద్దుల వెంట తిరిగి వాసన గుర్తులు పెడతాయి. పిల్లల్ని కనేది సాధారణంగా గుంపులో పెద్ద ఆడదొక్కటే, మిగతావాళ్లంతా తిండి తెచ్చి పెంచుతారు. వేటకి మాత్రం ఎవరి దారి వాళ్లదే, ఒక ఎలుకని నలుగురు కలిసి పట్టేదేముంటుంది?

జువాలజీ_మేడం:

మొదటిది ఇథియోపియన్ తోడేలే, సందేహం లేదు. నాకు అసలు ఆసక్తి నాలుగో ఫోటో మీద ఉంది.

గోబా_రోడ్డు గారూ, ఆడామగా తేడా కాదు, అది వేరే జాతి. కొన్నేళ్ల కిందటి ఏ గైడ్‌బుక్ తీసినా దాన్ని గోల్డెన్ జాకల్ అనే రాసి ఉంటుంది, అంటే మన పొలాల్లో అరిచే నక్కా అదీ ఒకటే జాతి అని. చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా అనుమానించలేదు. 2011లో ఇథియోపియా ఎత్తైన ప్రాంతాల్లోని కొన్నిటి డీఎన్ఏ తీసి చూస్తే అవి నక్కల వైపు కాకుండా తోడేళ్ల వైపు వచ్చి పడ్డాయి. 2015లో ఇంకా పెద్ద ఎత్తున జన్యువులు పోల్చి, ఆఫ్రికాలో గోల్డెన్ జాకల్ అని పిలుస్తున్నదీ, ఆసియా యూరప్‌లలో ఉన్నదీ విడిపోయి పది లక్షల ఏళ్లకు పైనే అయిందని చెప్పారు. అలా ఆఫ్రికాది ఆఫ్రికన్ తోడేలు అయింది, ఇప్పుడు కానిస్ లుపాస్టర్ అంటున్నారు. మన నక్క కానిస్ ఆరియస్‌గానే మిగిలింది. రెండిటికీ అంత పోలిక ఎందుకు వచ్చిందంటే రెండూ ఒకే రకంగా బతుకుతాయి, దొరికింది తినడం, ఊళ్ల అంచున తిరగడం, మధ్యరకం సైజు.

2018లో మొత్తం జన్యువుల్ని (జీనోమ్) చదివి చేసిన పరిశోధన ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ ఆఫ్రికన్ తోడేలు వంశంలోనే రెండు పాయలు కలిశాయట, ఎక్కువ భాగం బూడిద తోడేలు వైపు నుంచి, నాలుగో వంతుకి కాస్త పైన ఇథియోపియన్ తోడేలు వైపు నుంచి. అంటే మీరు ఒకే రోజు పైన ఒకదాన్నీ కింద దాని పాత చుట్టాన్నీ చూశారన్నమాట.

గుర్తులు చెప్తాను. ఆఫ్రికన్ తోడేలుకి ఒళ్లు ఇసుక రంగు నుంచి బూడిద దాకా ఉంటుంది, వీపు మీద నల్ల వెంట్రుకలు కలిసి మాసినట్టు కనిపిస్తుంది, ఇటుక ఎరుపు రాదు. ఛాతీ మీద స్పష్టమైన తెల్ల పట్టీలు ఉండవు. మూతి అంత సన్నం కాదు. ఆఫ్రికాలో ఉండే ఇంకో రెండు నక్కలు కూడా కావు: పక్క చారల నక్క అయితే తోక చివర తెల్లగా ఉండాలి, నల్ల వీపు నక్క అయితే వీపు మీద జీను వేసినట్టు నలుపు తెలుపు కలిసిన పట్టా పక్కలకు గీత గీసినట్టు విడిపోయి ఉండాలి. మీ ఫోటోలో ఆ రెండూ లేవు. చోటు కూడా సరిపోతోంది, ఇథియోపియన్ తోడేలు పచ్చిక బయళ్లనీ తుప్పల నేలనీ వదిలి చేలలోకి రావడం అరుదు, ఆఫ్రికన్ తోడేలుకి చేల గట్లే ఇష్టం.

డౌట్_మాస్టర్:

మేడం, మీరు చెప్పింది బాగుంది గానీ ఆ నాలుగో ఫోటో నాకు కుక్కలాగే ఉంది. ఇథియోపియా పల్లెల్లో ప్రతి పశువుల కాపరి వెంట కుక్కలు ఉంటాయి, సగం బూడిద రంగువే. ఆ వెలుతురులో, ఆ దూరంలో, గట్టు మీద నిలబడిన కుక్కని చూసి కొత్త జాతి అనేస్తే ఎలా? ఇంకో మాట, డిన్షో పక్కనే వెబ్ లోయ ఉంది కదా, అక్కడ కుక్కలకీ తోడేళ్లకీ కలిసి పుట్టినవి ఉండేవని ఎక్కడో చదివాను. అది కూడా అయ్యుండొచ్చుగా?

జువాలజీ_మేడం:

న్యాయమైన ప్రశ్నే. వెబ్ లోయ సంగతి నిజం, 1990ల మొదట్లో అక్కడ మగ కుక్కలూ ఆడ తోడేళ్లూ కలిసిన సంకరం జన్యు పరీక్షల్లోనే బయటపడింది. అలాంటివి మామూలు తోడేలు కంటే ఒళ్లు మొద్దుగా, మూతి పొట్టిగా, రంగు తేడాగా ఉంటాయి. కానీ అందులో సగం ఇథియోపియన్ తోడేలు ఉన్నప్పుడు ఎరుపు ఎక్కడో ఒకచోట కనిపించాలి, గొంతు దగ్గర తెలుపు ఛాయ కనిపించాలి. ఇక్కడ రెండూ లేవు.

కుక్క అనే అవకాశాన్ని ఫోటో ఒక్కటే చూసి కొట్టిపారేయలేను. గోబా_రోడ్డు గారూ, మూడు సంగతులు గుర్తు తెచ్చుకుని చెప్పండి: అది నడిచినప్పుడు తోక పైకి ఉందా, కిందికి వేలాడుతోందా? మిమ్మల్ని చూసి ఏం చేసింది? చుట్టుపక్కల మనుషులో గొర్రెలో ఉన్నాయా?

సరస్సు_పక్క:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది గుర్తుపట్టే విషయం కాదు, కానీ కుక్కల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆ తోడేళ్లకి తుపాకీ కంటే పెద్ద గండం కుక్కలే. సంకరం కంటే కూడా పిచ్చికుక్క వ్యాధి (రేబిస్), డిస్టెంపర్ అనే ఇంకో కుక్కల వైరస్ జబ్బు వల్ల. 1990ల మొదట్లో, 2003లో, 2008లో, 2014లో బాలేలో రేబిస్ విరుచుకుపడింది, 2003లో వెబ్ లోయలో నాలుగింట మూడు వంతుల తోడేళ్లు పోయాయి. 2010లో, 2015లో డిస్టెంపర్. ఉన్నవే కొన్ని వందలు, కుటుంబాలుగా ఒకదాని మూతి ఒకటి నాకే అలవాటు, ఒకదానికి అంటుకుంటే గుంపంతా పోతుంది.

1995 నుంచి అక్కడ పని చేస్తున్న ఇథియోపియన్ వోల్ఫ్ కన్సర్వేషన్ ప్రోగ్రామ్ వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల కుక్కలకి టీకాలు వేస్తూ వస్తున్నారు. కానీ కాపరులు మందలతో పాటు పైకీ కిందికీ మారుతుంటారు, కొత్త కుక్కలు వస్తూనే ఉంటాయి, ఎన్ని టీకాలు వేసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. 2018 నుంచి తోడేళ్లకే నేరుగా నోటి టీకా మొదలుపెట్టారు, మేకమాంసం ముక్కలో మందు పెట్టి, రాత్రిపూట గుర్రాల మీద వెళ్లి తోడేళ్లు తిరిగే చోట్ల వేస్తారు. ఆ చలిలో ఆ ఎత్తులో రాత్రి గుర్రం మీద తిరగడం అంటే ఆలోచించండి. ఇదంతా ఎందుకంటే, మీలో ఎవరైనా అక్కడికి వెళ్తే బిస్కెట్లు వేయడం, కుక్కని వెంట తీసుకెళ్లడం లాంటివి చేయకండి. సానెట్టి మీద రోడ్డు బాగుందని స్పీడుగా కూడా పోకండి.

గోబా_రోడ్డు:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. మేడం అడిగినవి చెప్తున్నా. తోక కిందికే ఉంది, నడిచినంతసేపూ పైకి ఎత్తలేదు, చివర నలుపు. మా బండి ఆగగానే ఒకసారి తిరిగి చూసి, పరుగెత్తకుండా, గట్టు వెంట అదే చాలుతో వెళ్లిపోయింది, తర్వాత ఎండిన వాగులోకి దిగింది. దగ్గర్లో గొర్రెలు లేవు, మనుషులు లేరు, దూరంగా ఒక గుడిసె పొగ మాత్రం కనిపించింది. కాసేపటికి వాగు వైపు నుంచి ఊళ వినిపించింది, సన్నగా సాగి సాగి పైకి లేచింది, ఊళ్లో కుక్కలు దానికి గోలగోలగా జవాబిచ్చాయి. అది దీనిదే అని ఒట్టు పెట్టలేను.

ఇంకో ప్రశ్న, ఈసారి మా ఆవిడా పిల్లలూ వస్తున్నారు, వాళ్లకి కూడా ఆ ఎర్ర తోడేలు చూపించాలని ఉంది, కానీ 4000 మీటర్లు అంటే చిన్నదానికి ఆయాసం వస్తుందేమోనని టెన్షన్. వేరే చోటు ఉందా?

ఎర్రమట్టి_బైనాక్యులర్:

తోడేలు కోసమే అయితే బాలేని మించింది లేదండి, మిగతా చోట్ల రోజంతా తిరిగినా కనపడకపోవచ్చు. పిల్లలతో అయితే నేరుగా సానెట్టికి ఎక్కించకుండా ముందు డిన్షోలో రాత్రి ఆగండి, పార్కు ఆఫీసు అక్కడే, ఎత్తు 3000 చిల్లర, మెనెలిక్ బుష్‌బక్‌లూ మౌంటెన్ న్యాలాలూ అని జింకల్లాంటివి కాంపౌండ్ దగ్గరే మేస్తుంటాయి, పిల్లలకి అదే పండగ. ఒళ్లు అలవాటు పడ్డాక పొద్దున సానెట్టికి వెళ్లి, మధ్యాహ్నానికి దిగిపోండి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకో అరగంట చూద్దాం అనుకోవద్దు, వెంటనే కిందికి.

రెండోది గుస్సా, అడిస్ అబాబాకి ఉత్తరంగా. అక్కడి గడ్డి నేలని ఊళ్ల వాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని వందల ఏళ్లుగా కాపాడుకుంటున్నారు. గెలాడా కోతుల గుంపులు వందల్లో ఉంటాయి, తోడేలు ఆ గుంపు మధ్యలో నెమ్మదిగా నడుస్తూ ఎలుకలు పడుతుంది, కోతులు పట్టించుకోవు. 2015లో అచ్చయిన పరిశీలనలో కోతుల మధ్య ఉన్నప్పుడు 67 శాతం ప్రయత్నాలు ఫలించాయి, విడిగా ఉన్నప్పుడు 25 శాతమే. కోతులు గడ్డి పీకుతూ కదిలించడం వల్ల ఎలుకలు బయటపడతాయో, కోతుల మధ్య తోడేలుని ఎలుకలు గమనించవో. తోడేలు కూడా కోతి పిల్లల జోలికి పోదు, పోతే ఆ గుంపులోకి మళ్లీ రానివ్వరు మరి. కాకపోతే గుస్సా ఉండే అమ్హారా ప్రాంతంలో భద్రత పరిస్థితి ఎలా ఉందో కనుక్కోకుండా ఇప్పుడు బయల్దేరకండి, బాలే అటు కాదు కాబట్టి నా ఓటు బాలేకే.

ఒకవేళ మీరు వెళ్లే టైముకి బాలేలో ఎర్రటి కంకుల్లాంటి పూలు విరగబూసి ఉంటే, రెడ్ హాట్ పోకర్ అంటారు, వాటి దగ్గర కాసేపు ఆగండి. తోడేలు ఆ పూలని నాకి తేనె తాగుతుందని 2024లో రాశారు, కొన్ని ఒక్క విడతలో 30 పూల దాకా తిరిగాయట, మూతికి పుప్పొడి అంటుకుని పసుపుగా ఉంటుంది. అక్కడి కాపరుల పిల్లలు కూడా ఆ పూలు చప్పరిస్తారు.

డౌట్_మాస్టర్:

తేనె తాగే తోడేలా! ఇది మీరు ముందే చెప్పి ఉంటే మొత్తం థ్రెడ్ అబద్ధం అనుకునేవాణ్ణి. సరే, తోక కిందికి ఉండటం, ఒంటరిగా వాగులోకి దిగడం చూస్తే నాకూ కుక్క అనిపించట్లేదు ఇప్పుడు. అయినా ఊళని లెక్కలోకి తీసుకోకండి, ఆ గోలలో ఏది ఎవరిదో ఎవరికి తెలుసు.

జువాలజీ_మేడం:

ఊళని వదిలేద్దాం, ఒప్పుకుంటాను. తోక, నడక, చోటు, రంగు నాలుగూ ఒకవైపే చూపిస్తున్నాయి కాబట్టి నాలుగో ఫోటోకి నా జవాబు ఆఫ్రికన్ తోడేలు. మొదటి మూడూ ఇథియోపియన్ తోడేలు. మళ్లీ డిన్షో వెళ్లినప్పుడు నాలుగూ పార్కు ఆఫీసులో చూపించండి, అక్కడి స్కౌట్లకి, అంటే పార్కు కాపలావాళ్లకి, రోజూ కనిపించే జంతువులు కాబట్టి వాళ్లకి క్షణం పట్టదు. ఇచ్చేటప్పుడు ఒరిజినల్ ఫైళ్లే ఇవ్వండి, వాట్సాప్‌లో పంపితే తేదీ, లొకేషన్ పోతాయి. ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు ఏదైనా తోడేలు తూలుతూ నడవడం, మనుషులకి భయపడకుండా దగ్గరికి రావడం, నోట్లోంచి నురగ కారడం కనిపిస్తే ఎవర్నీ బండి దిగనివ్వకుండా, చోటు గుర్తు పెట్టుకుని, అదే రోజు వాళ్లకి చెప్పండి.